మూతేసి నీళ్ళొదులు

మా పడవలో మంచినీళ్ళ ట్యాంకు ఎంత పెద్దదంటే, అందులో ఇంకో పడవ నడుపుకోవచ్చు.

మా ఆయన పక్కన ఉంటే ఈపాటికి "పదితో భాగించుకోండి" అని అందించేవాడు. నేనేం చెప్పినా వినేవాళ్ళకి ఆయన చేసే ఉపకారం అది. "మా ఆవిడ వెయ్యి అంటే వంద, వంద అంటే పది, ఒకటి అంటే అసలు జరగలేదన్నమాట" అనేవాడు. సరే, భాగించుకోండి. వంటగది నేల కింద, పడవ పొట్టలో, రెండు మంచాలు పొడుగునా వేస్తే పట్టేంత ఇనప ట్యాంకు. నడుం వంచితే తప్ప లోపల నిలబడలేం. పైన ఒక గుండ్రటి మూత, దానికి ఆరు నట్లు. ఆ మూతలోంచి నేను దూరగలిగేదాన్నంటే ఈ రోజు నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు. అప్పుడు మల్లెతీగలా ఉండేదాన్ని. దీన్ని కూడా భాగించుకోండి.

అది సరుకు పడవ. మా ఆయన పడవ నడిపే సరంగు, మా మరిది ఇంజను డ్రైవరు, నేను వంట. ముగ్గురమే. మరిది చెవుల్ని ఇంజను ఎప్పుడో నమిలేసింది. "భోజనానికి రావయ్యా" అంటే "బోల్టు బిగించానొదినా" అనేవాడు. ఆ పడవని చాలా చేతులు మారాక మేం కొన్నాం. మా అత్తగారికంటే పాతది, ఆవిడకంటే ఎక్కువ మూలిగేది.

నీళ్ళ పెత్తనం నాది. ట్యాంకు నుంచి వంటగది కుళాయికి వచ్చే దారిలో రెండు ఫిల్టరు డబ్బాలుండేవి. మొదటిదాంట్లో దారపు కండె. తెల్లటి నూలుదారం అడ్డదిడ్డంగా బిగుతుగా చుట్టి ఉంటుంది, మట్టీ తుప్పూ పట్టి ఆపుతుంది. రెండోదాంట్లో బొగ్గు కండె, అది వాసన పీలుస్తుంది. పదిహేను రోజులకోసారి డబ్బా మర తిప్పి, గోధుమరంగుకి తిరిగిన కండె తీసి, కొత్తది వెయ్యాలి. నా ఫిల్టరు నీళ్ళతో కాచిన టీ వాసనకి చేపలు నీళ్ళమీదికొచ్చి నోళ్ళు తెరిచేవి.

ఒకరోజు డబ్బా విప్పాను. లోపల కండె లేదు. కండె మీది దారం ఉంది. మొత్తం విప్పి... జడ అల్లి ఉంది.

మూడు పాయలు. బిగుతుగా, సాఫీగా, బడికెళ్ళే ఆడపిల్లకి అమ్మ వేసినట్టు. చివర ముడి కూడా వేసి ఉంది.

పైకి పరిగెత్తి ఇద్దరికీ చూపించాను. "పది మూరల జడండీ, ఫిల్టర్లో!"

"అంటే ఒక మూర" అన్నాడు మా ఆయన, తాడు పేనుతూ తలెత్తకుండా.

"దారం ఊడి చిక్కు పడుంటుందొదినా. నీళ్ళు తిరుగుతాయిగా లోపల" అన్నాడు మరిది.

"నీళ్ళకి జడెయ్యడం వచ్చా? నీకు జడ చూడ్డమైనా వచ్చా? ఏ ఆడపిల్లన్నా నీవైపు తిరిగి చూస్తేగా!"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. జడ నీళ్ళలోకి విసిరేశాను. పదిహేను రోజులకి మళ్ళీ విప్పితే మళ్ళీ జడ. ఈసారి చెప్పలేదు. చెబితే మళ్ళీ భాగహారమే కదా. మూడోసారికి నీళ్ళు వాసన రావడం మొదలైంది. తలంటుకుని ఆరబెట్టకుండా ముడేసుకుంటే రెండో రోజుకి వస్తుంది చూడండి, ఆ వాసన. బొగ్గు కండె కొత్తది వేసినా పోలేదు. టీలో అదే, అన్నంలో అదే. మరిది కూడా గ్లాసు మూతి దగ్గర ముక్కు ముడిచాడు.

"ట్యాంకు కడగాలి" అన్నాను.

ట్యాంకు కడగడానికి మా పడవలో మూడు పద్ధతులు. జుట్టు ముడేసి గుడ్డ కట్టుకోవాలి, వెంట్రుక పడకూడదు. కాళ్ళు కడుక్కుని దిగాలి. అన్నిటికంటే ముఖ్యం, దిగేవాళ్ళు చెప్పులు మూత పక్కనే విడవాలి. చెప్పులు కనపడితే మనిషి లోపలున్నట్టు. చెప్పులుండగా మూత ముట్టకూడదు, నీళ్ళు వదలకూడదు. మా మరిదికి మాట వినపడదు కానీ కళ్ళు గద్ద కళ్ళు. అందుకే చెవుల మీద పెట్టాల్సిన నమ్మకం చెప్పుల మీద పెట్టుకున్నాం.

అప్పుడు నావి కొత్త రబ్బరు చెప్పులు. కొని రెండు రోజులైంది. ఎంత బిగువంటే, వేళ్ళు బొబ్బలెక్కి బూరెల్లా ఉబ్బాయి. "సాగుతాయిలే" అన్నాడు అమ్మినవాడు. రబ్బరు సాగడం నేనెరగను.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. పడవ రేవులో కట్టి ఉంది. ఒడ్డుమీది కుళాయి పన్నెండు నుంచి ఒంటిగంట దాకానే వస్తుంది, ఆ గంటలో ట్యాంకు నింపుకోకపోతే మళ్ళీ రెండ్రోజులు ఆగాలి. పదకొండింటికే నీళ్ళు ఖాళీ చేసి మూత విప్పారు. మరిది గొట్టం తెచ్చి, మూత పక్కనున్న నీళ్ళు నింపే రంధ్రానికి తగిలించి సిద్ధంగా పెట్టుకున్నాడు. మా ఆయన పైన తాడు పని చూసుకుంటున్నాడు. నేను తలకి గుడ్డ కట్టి, చెప్పులు విడిచి, టార్చి, బ్రష్షు, చిన్న బకెట్టు తీసుకుని దిగాను.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. లోపల చలి. నేల మీద వేలి మందాన బురద. ట్యాంకు మధ్యలో ఒక అడ్డగోడ ఉంటుంది, పడవ ఊగినప్పుడు నీళ్ళు ఎగిరిపడకుండా. దాని అడుగున ఒక కంత, పడుకుని పాకితే అవతలి గదిలోకి వెళ్ళొచ్చు. ఆ అవతలి గది కప్పు నుంచి ఒక సన్నటి గాలి గొట్టం పైకి వెళ్ళి, పడవ మీద చేతికర్రలా వంగి ఉంటుంది.

ముందు గది కడిగాను. కంతలోంచి పాకి అవతలికి వెళ్ళాను.

అక్కడ ఆ వాసన... ముఖం మీద తడి జుట్టు పరిచినట్టుగా ఉంది.

టార్చి కప్పు మీద వేశాను. కప్పంతా ఎర్రటి తుప్పు. గాలి గొట్టం కింద మాత్రం, దాని చుట్టూ జానెడు మేర, ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఏదో రుద్ది రుద్ది నున్నగా చేసినట్టు. దగ్గరికెళ్ళి చూస్తే... ముక్కూ నోరూ ఆనించుకుంటే ఎంత చోటు కావాలో, సరిగ్గా అంత.

"పాత ట్యాంకులన్నీ ఇంతేలే" అని పైకే అన్నాను. ఎవరితో అన్నానో తెలీదు.

బకెట్టు నిండింది. పారబోయడానికి మళ్ళీ ముందు గదికి పాకి, మూత కంతలోంచి తల ఎత్తాను. వంటగది నేల నా కళ్ళకి సమానంగా ఉంది. చెప్పులు లేవు.

ఇది మా మరిది చిలిపితనమనుకున్నాను. అంతకు ముందోసారి నా పోపుడబ్బా ఇంజను గదిలో దాచిన ఘనుడు. నవ్వుతూ గొంతు చించుకుని అరిచాను, "ఏమయ్యా మరిదీ! రెండు రోజులైనా కాలేదు కొని! నా చెప్పులకి అప్పుడే నీళ్ళొదులుకోవాల్సిందేనా?"

అర్థం చేసుకోండి. పోయినవాటి మీద ఆశ వదులుకోవడానికి మనవాళ్ళు అనేమాటే నేనూ అన్నాను. ఆ మాట ఎక్కడ నిలబడి అంటున్నానో చూసుకోలేదు.

బురద పక్కన పారబోసి, చివరి మూల కోసం మళ్ళీ అవతలి గదికి పాకాను.

ఇక్కడి నుంచి భాగించకండి. ఇక్కడి నుంచి నేను పెంచి చెప్పేది ఒక్క ముక్క కూడా లేదు.

చెప్పులు అక్కడున్నాయి.

నేను ఇప్పుడే కడిగిన మూలలో. రెండూ పక్కపక్కన, మడమలు గోడకి ఆనించి, జాగ్రత్తగా విడిచినట్టు. నా చుట్టూ అంతా తడి. చెప్పులు పొడిగా ఉన్నాయి.

వాటిని చూస్తూ అలాగే కూర్చున్నాను. కంతలోంచి వచ్చే వెలుతురు సన్నబడింది. తర్వాత పోయింది. నెత్తిమీద ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు.

కిర్రు... కిర్రు... నట్లు బిగుస్తున్నాయి.

"ఒరేయ్!" అన్నాను. మరిదిని ఎప్పుడూ ఒరేయ్ అనలేదు.

తర్వాత నీళ్ళు.

ఒడ్డు కుళాయి నీళ్ళు లావుపాటి గొట్టంలోంచి ఖాళీ ఇనప ట్యాంకులో పడితే ఎలా ఉంటుందో తెలుసా? చప్పుడు చెవిలో కాదు, పళ్ళలో వినిపిస్తుంది. పాకుతూ ముందు గదికి వచ్చి మూతని బ్రష్షుతో బాదాను. చేత్తో బాదాను. తలతో బాదాను. ఆ హోరులో నా చప్పుడు నాకే వినపడలేదు, ఇంక మా మరిదికేం వినపడుతుంది? మోకాళ్ళు మునిగాయి. టార్చి చెయ్యి జారింది. నీళ్ళ అడుగున పసుప్పచ్చగా కాసేపు వెలిగి ఆరిపోయింది.

చీకటి... మిట్టమధ్యాహ్నం.

అప్పుడు గాలి గొట్టం గుర్తొచ్చింది. అది అవతలి గదిలో ఉంది. కంత అప్పటికే మునుగుతోంది. అవతలికి వెళ్తే మళ్ళీ ఈ మూత దగ్గరికి రాలేను. ఇక్కడే ఉంటే అరుపు బయటికి వెళ్ళదు. ఊపిరి బిగపట్టి కంతలోంచి దూరాను.

నీళ్ళు నడుం దాకా. తడుముకుంటూ ఆ నున్నటి చోటు పట్టుకున్నాను. గొట్టానికి నోరు ఆనించాను. మెరుస్తున్న ఆ ఇనుము నా ముక్కుకీ పెదవులకీ అచ్చు పోసినట్టు సరిపోయింది.

"ఏమండీ! చచ్చిపోతున్నానండీ!"

పైనుంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు, మా ఆయన గొంతు. "ఏంటే?"

"చచ్చిపోతున్నా! నిజంగా చచ్చిపోతున్నా!"

నవ్వాడు. తప్పు ఆయనది కాదు. పొద్దున లేచింది మొదలు ఎండకి చచ్చాను, పొగకి చచ్చాను, దోమలకి చచ్చాను అని పదిసార్లు చచ్చే మనిషిని నేను. వంటగదిలోంచి అరుస్తున్నాననుకున్నాడు.

"పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారి? చావక ముందు కాస్త టీ పెట్టు!"

"కాదండీ, ట్యాంకు..."

నా మాట పూర్తి కాలేదు. నా చెంప పక్కనుంచి, నా గొంతుతోనే, ఎవరో గొట్టంలోకి మాట్లాడారు.

"ఊరికే అన్నాన్లెండి. టీ పెడుతున్నా."

చల్లగా. మామూలుగా. నేను రోజూ మాట్లాడినట్టే.

పైన అడుగుల చప్పుడు. దూరంగా వెళ్ళిపోయింది.

నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. నా పక్కన ఎవరూ లేరు. చెయ్యి చాపితే గోడే తగిలింది. ఇటు చాపినా గోడే.

"ఎవరు?" అన్నాను. గుసగుసలాగానే వచ్చింది.

"వంటమనిషిని" అంది, నా వెనక నుంచి.

తలగుడ్డ వదులైంది. నేను విప్పలేదు. మెడ మీద తడి... వేళ్ళు. నా ముడి విప్పుతున్నాయి. గట్టిగా కాదండీ. చిక్కు తీస్తున్నట్టు, నొప్పి పుట్టకుండా. పాయలు తీస్తున్నాయి. కుడిది... ఎడమది... మధ్యది.

"కదలకు" అంది. "వంకర పోతుంది."

కదల్లేదు. కదిలితే ఏమవుతుందో తెలీదు. నీళ్ళు మెడ దాకా. గడ్డం. ముఖం పైకెత్తి నోరు ఇనుముకి ఆనించాను. ఇద్దరం ఒకే చోట ఎలా ఊపిరి పీలుస్తామా అని ఆలోచన వచ్చింది. అంత పిచ్చి ఆలోచన నాకెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

కుడిది మధ్యకి... ఎడమది మధ్యకి...

ఎంతసేపో. చివర ముడి పడినట్టు, తలలో చిన్నగా లాగింది.

నీళ్ళు ఆగాయి.

హోరు పోయాక నిశ్శబ్దం ఇంకా బరువుగా ఉంది. కిర్రు, కిర్రు. నట్లు. దూరంగా మూత దొర్లిన చప్పుడు. ఎవరో నీళ్ళలోకి దూకారు. కంత అవతల నుంచి ఏదో కదిలింది. నా జడని ఎవరో పట్టుకున్నారు. ఈసారి మెల్లగా కాదు. ఒక్క గుంజు. నీళ్ళు ముక్కులోకి, ఇనుము భుజానికి, తర్వాత వెలుతురు. వంటగది నేల మీద నేను, నా మీద వంగి మా ఆయన, తడిసి ముద్దై.

మరిది గోడకి జారబడి ఏడుస్తున్నాడు.

"ఒదినా, చెప్పులు లేవు. ఒట్టు. రెండుసార్లు చూశాను. పైగా నువ్వే కదా అన్నావు, 'మూతేసి నీళ్ళొదులు' అని!"

"నీళ్ళొదులుకోవాల్సిందేనా అన్నానయ్యా చెవిటి మాలోకమా! చెప్పుల గురించి!"

"అది కాదొదినా. అది ముందు వినపడింది, సరిగ్గా అర్థం కాలేదు. ఆ తర్వాత పొయ్యి దగ్గర నుంచి మళ్ళీ చెప్పావు. నా చెవి పక్కనే చెప్పినట్టు, పొల్లుపోకుండా వినపడింది. 'మూతేసి నీళ్ళొదులు' అని."

మరిదికి ఏ మాటా పొల్లుపోకుండా వినపడి అప్పటికి ఏళ్ళయింది.

"మీకెలా తెలిసింది?" అన్నాను మా ఆయనతో, ఊపిరి అందాక.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. "టీ పెడుతున్నా అన్నావు."

"అంటే?"

"నువ్వు ఉత్తినే టీ పెడుతున్నా అనే మనిషివా? ఊరంతటికీ పెడుతున్నా అంటావు, సముద్రమంత పెడుతున్నా అంటావు. నీ గొంతే. మాట నీది కాదు. నాలుగడుగులు వేశాక అది తట్టి కిందికి పరిగెత్తాను."

ఇన్నాళ్ళూ నన్ను భాగించిన మనిషి, ఆ ఒక్క మాటలో భాగించడానికేమీ లేదని నన్ను బతికించాడు. కథ ఇక్కడ ఆపితే అందరం హాయిగా నిద్రపోతాం. కానీ నేనెప్పుడైనా ఆపాల్సిన చోట ఆపానా?

మూడో రోజు మరిది ఒడ్డుకెళ్ళినప్పుడు మా ఆయన నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. టీ గ్లాసు చేతిలో తిప్పుతున్నాడు, తాగట్లేదు.

"నువ్వు దిగేటప్పుడు జుట్టు ముడేసుకున్నావు కదా?"

"వేసుకున్నాను."

"కంతలో చెయ్యి పెట్టి తడిమితే జడ తగిలింది."

"అవును. చెప్పాగా."

గ్లాసు కింద పెట్టాడు. ఆయన మాట పెంచడు, తుంచడు. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. అందుకే భయం.

"రెండు జడలు తగిలాయే" అన్నాడు. "ఏది నీదో తెలీలేదు. ఊపిరి అయిపోతోంది. ఒకటి లాగాను."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ ఏడే పడవ అమ్మేసి ఒడ్డు మీద కాపురం పెట్టాం. కానీ ఆ తర్వాత ఎప్పుడైనా నేను ఏ మాటైనా ఉన్నదున్నట్టు చెబితే, అన్నం అయింది అనో, వాన పడుతోంది అనో, ఆయన చేస్తున్న పని ఆపి నావైపు ఒక చూపు చూసేవాడు. ఆ చూపు నేను భరించలేకపోయేదాన్ని. అందుకని ఏది చెప్పినా పెంచి చెప్పడం మొదలుపెట్టాను. వాన కాదు, ఆకాశం ఊడిపడుతోంది. అన్నం కాదు, కొండ. అప్పుడాయన నవ్వి, "పదితో భాగించండి" అనేవాడు. ప్రాణం కుదుటపడేది, ఆయనకీ, నాకూ. పోయేదాకా అలాగే నవ్వించాను. మునుపటికంటే ఎక్కువ పెంచుతున్నానని మరిది అనేవాడు. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి ఉత్సాహం ఎక్కువంటారు కదా.

అన్నట్టు, ఆ చెప్పులు. ట్యాంకు మళ్ళీ ఖాళీ చేసినప్పుడు మరిది దిగి తెచ్చిచ్చాడు. వేళ్ళ బొబ్బలు ఇంకా ఆరలేదేమోనని భయపడుతూ కాళ్ళు పెట్టి చూసుకున్నాను. బొబ్బలు లేవు. చెప్పులు వదులుగా ఉన్నాయి.

"నానాయి కదా, సాగుంటాయొదినా" అన్నాడు మరిది. మా ఆయన నా పాదాల వంకే చూశాడు.

ఇప్పటికీ ఉన్నాయి నా దగ్గర. నిన్న కూడా వేసుకుని చూశాను. మడమ వెనక ఖాళీ, ఒక వేలు మందం. దీన్ని మాత్రం భాగించకండి. ఒక్క వేలే.